రొయ్య పిల్లకి చేసే టెస్టు మన ఆడోళ్లకి లేదా?

పిన్ని పెద్దకర్మ రోజు, భోజనాలయ్యాక బాబాయి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో మద్రాసు ఆస్పత్రి ఫైలు ఉంది. అల్లూరు వైపు ఇరవై ఏళ్లుగా రొయ్యల గుంటలు చేస్తున్న మనిషి ఆయన. ఫైలు తెరిచి ఒక కాగితం మీద వేలు పెట్టాడు. "ఈడ పీసీఆర్ అని రాసుండారే, ఇది మనం సీడుకి చేయించే పీసీఆరేనా పాపా?"

అదే బాబాయ్, అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితం మడిచి ఫైల్లో పెట్టి, "రొయ్య పిల్లకి చేసే టెస్టు మన ఆడోళ్లకి కూడా ఉందని నాకెవురూ చెప్పలేదే" అన్నాడు.

చెప్పాల్సిన మనిషిని నేనే. ఆరేళ్లు కావలిలో ఒక రొయ్యల ల్యాబులో పనిచేశాను. బాబాయి తెచ్చిన సీడుకే, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలకే, ఎన్నిసార్లు టెస్టు చేశానో లెక్క లేదు. అంతకుముందు ఎమ్మెస్సీలో, పిన్నిని తీసుకుపోయిన గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి మూలమైన వైరస్ గురించి పరీక్షలో పది మార్కుల జవాబు రాసినదాన్ని. ఇంట్లో మాత్రం ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఆ రోజు నుంచి నా మనసులో తిరుగుతున్న మాట ఇది: మా జిల్లాలో రైతుకి రొయ్య వైరస్ గురించి తెలిసినంత, మా ఇళ్లలో ఆడవాళ్లకి గర్భసంచి ముఖద్వారంలో చేరే వైరస్ గురించి తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. వాళ్లకి అర్థం కాదని మనలాంటి చదువుకున్నవాళ్లం ముందే తీర్మానించేసుకున్నాం.

అర్థం కాదన్న మాట నేను ఒప్పుకోను. మా ల్యాబు బయట బల్ల మీద కూర్చున్న రైతుల్ని చూసిన వాళ్లెవరూ ఒప్పుకోరు.

హ్యాచరీలో సీడు ఖాయం చేసుకునే ముందు రైతు కొన్ని పిల్లల్ని ఆక్సిజన్ కొట్టిన పాలిథిన్ కవర్లో తెచ్చేవాడు. వాటిని వడగట్టి చిన్న ట్యూబులో వేసి ప్లాస్టిక్ కడ్డీతో నూరతాం. అందులోంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్ మెషీన్‌లో పెడతాం. మెషీన్ వేడెక్కుతుంది, చల్లారుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. వైరస్ ముక్క ఒక్కటి ఉన్నా విడతకొకసారి రెట్టింపవుతూ పోతుంది. తర్వాత దాన్ని జెల్లులో నడిపించి యూవీ లైటు కింద చూస్తాం. వైరస్ ఉంటే ఒక సన్నటి గీత మెరుస్తుంది. ఆ గీత కోసం బయట నలుగురైదుగురు టీ గ్లాసులు పట్టుకుని కూర్చునేవారు. తలుపు తెరవగానే నా మొహం చూసేవారు. పదో తరగతి దాటని వాళ్లు కూడా "ఫస్ట్ స్టెప్‌లో వచ్చిందా, నెస్టెడ్‌లో వచ్చిందా?" అని అడిగేవారు. మొదటి విడతలోనే గీత వస్తే వైరస్ ఎక్కువగా ఉన్నట్టు, రెండో విడతలో మాత్రమే వస్తే తక్కువగా ఉన్నట్టు. పుస్తకం చదివి కాదు, నష్టపోయి నేర్చుకున్నారు ఇదంతా.

ఆ నష్టం నాకు లీలగా గుర్తుంది. 1994-95లో రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ మా తీరానికి వచ్చినప్పుడు టైగర్ రొయ్య వేసిన ఇళ్లలో పొయ్యి వెలగలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పొద్దున చూస్తే రొయ్యలు గట్టు వారకి చేరి ఉంటాయి, పెంకు మీద తెల్లటి చుక్కలు. మూడు రోజుల నుంచి పది రోజుల్లోపు గుంట ఖాళీ. ఆ దెబ్బ తర్వాతే నీళ్లకి బ్లీచింగ్ కొట్టడం, గట్టు చుట్టూ పీతలు దూరకుండా వల కట్టడం, పైన పక్షులు వాలకుండా దారాలు లాగడం, ఒక గుంట బకెట్టు ఇంకో గుంటలో ముంచకపోవడం అలవాటయ్యాయి. 2009 తర్వాత టైగర్ స్థానంలో వెనామీ రకం రొయ్య వచ్చింది. టెస్టు చేయని సీడు గుంటలో వదిలితే ఇప్పుడు పక్క రైతే వచ్చి కేకలేస్తాడు.

ఇక పిన్నిని తీసుకుపోయిన వైరస్ సంగతి. దాని పేరు హెచ్‌పీవీ, హ్యూమన్ పాపిలోమా వైరస్. తెల్లమచ్చ వైరస్ జన్యుపటం సుమారు మూడు లక్షల డీఎన్‌ఏ అక్షరాల పొడవు. హెచ్‌పీవీది ఎనిమిది వేలు కూడా ఉండదు. జన్యువులు ఎనిమిదో, కొంచెం అటూ ఇటూనో. తన డీఎన్‌ఏని నకలు తీసుకోవడానికి కావలసిన ముఖ్యమైన ఎంజైము కూడా దాని దగ్గర లేదు. అద్దె కొంపలోకి చెంబు కూడా లేకుండా దిగినవాడి లాంటిది. సామాన్లన్నీ మన కణానివే వాడుకోవాలి.

అక్కడే దానికి చిక్కు. గర్భసంచి ముఖద్వారం మీది పొర వరసలు వరసలుగా ఉంటుంది. అడుగు వరసలో కణాలు విభజన చెందుతాయి. పైకి జరిగేకొద్దీ ఆ పని మానేసి, ముదిరి, చివరికి రాలిపోతాయి. విభజన మానేసిన కణం డీఎన్‌ఏ నకలు తీసే యంత్రాన్ని ఆపేస్తుంది. వైరస్ ఎక్కువగా పెరగాల్సింది ఆ పై వరసల్లోనే, అక్కడేమో యంత్రం ఆగిపోయి ఉంటుంది. అందుకని అది ఆగిన యంత్రాన్ని దొంగతనంగా మళ్లీ నడిపిస్తుంది. కణచక్రాన్ని చెదరగొట్టడం అంటే ఇదే. దానికి వాడే పనిముట్లు రెండు ప్రోటీన్లు: ఈ-7, ఈ-6.

మా వైపు వాళ్లకి దీన్ని చెరువు తూముతో పోల్చి చెబుతాను. చెరువు కింద ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు తూము ఎత్తడానికి లేదు. పంటకి తడి కావాలి, నీరుగంటికి చెప్పాలి, అతను వచ్చి ఎత్తాలి. కణంలోనూ అలాంటి తూము ఒకటుంది. దాని పలక పేరు ఆర్‌బీ ప్రోటీన్. డీఎన్‌ఏ నకలు తీసే దశకి కావలసిన జన్యువులన్నింటినీ మేల్కొలిపే ఈ2ఎఫ్ అనే ప్రోటీన్‌ని ఇది పట్టి ఉంచుతుంది. ఒంటికి కొత్త కణం అవసరమైతే సంకేతం వస్తుంది. సైక్లిన్లు అనే ప్రోటీన్లూ, వాటి తోడు ఎంజైములూ కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. అప్పుడు అది పట్టు సడలించి ఈ2ఎఫ్‌ని వదులుతుంది. కణం నకలు దశలోకి దిగుతుంది. పని కాగానే పలక మళ్లీ పడుతుంది.

ఈ-7 నీరుగంటి కోసం ఆగదు. నేరుగా వచ్చి ఆర్‌బీని పట్టుకుంటుంది, ఈ2ఎఫ్‌ని విడిపిస్తుంది, ఆపైన ఆర్‌బీనే కణం చేత ముక్కలు చేయిస్తుంది. పలకే లేని తూము ఇక మూతపడదు.

మొదటిసారి చదివినప్పుడు నన్ను నిలబెట్టేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ-7 ఆర్‌బీని పట్టుకునే చోట ఐదు అమైనో ఆమ్లాల చిన్న వరస ఉంటుంది. జలుబు తెప్పించే అడినోవైరస్ ప్రోటీన్‌లోనూ అదే వరస. కోతుల వైరస్ ఎస్‌వీ40 ప్రోటీన్‌లోనూ అదే. తెల్లమచ్చ వైరస్‌లో కూడా రెండు ప్రోటీన్లకి అదే ఉందనీ, అవి వెనామీ రొయ్యలోని ఆర్‌బీ లాంటి ప్రోటీన్‌ని పట్టుకుంటాయనీ 2013లో పరిశోధకులు చూపించారు. వేరు వేరు కుటుంబాల వైరస్‌లు అన్నీ ఒకే తాళానికి ఒకే రకం దొంగ తాళంచెవి చేయించుకున్నాయి. బాబాయి గుంటలో రొయ్యకీ, బాబాయి ఇంట్లో మనిషికీ ఉన్న తాళం ఒక్కటే.

ఇంత గందరగోళం జరుగుతుంటే కణం చూస్తూ ఊరుకోదు. కాపలాకి పీ53 అనే ప్రోటీన్ ఉంది. వేళగాని వేళ తూము లేచిందని తెలిస్తే పీ53 మోతాదు పెరుగుతుంది. విభజనని ఆపుతుంది. ఆపలేకపోతే కణం తనంతట తాను చచ్చిపోయేలా చేస్తుంది. ఒక్క కణం పోతే పోయింది, ఒళ్లు బాగుంటుంది. కావలి అని మా ఊరికి పేరుంది గానీ ఆ మాటకి అసలైన అర్థం చెప్పే ప్రోటీన్ ఇదే అనిపిస్తుంది నాకు. ఈ-6 పని ఈ కాపలాదారుని తప్పించడం. అదీ సొంతంగా చేయదు. మన కణంలోనే ఉండే ఒక ఎంజైముని పిలుచుకొచ్చి, పీ53కి 'పారేయాల్సిన సరుకు' అని చీటీ అంటిస్తుంది. కణం చెత్త యంత్రం ఆ చీటీ చూసి పీ53ని నమిలేస్తుంది.

ఇందులో వైరస్‌కి క్యాన్సర్ తెప్పించాలన్న పని ఏమీ లేదు. చాలామందిలో ఒంటి రక్షణ వ్యవస్థ ఏడాది రెండేళ్లలో వైరస్‌ని వదిలించేస్తుంది. వచ్చినట్టు తెలియదు, పోయినట్టు తెలియదు. కొద్దిమందిలో అది ఉండిపోతుంది. అలా ఏళ్ల తరబడి ఉన్నప్పుడు, కొన్నిసార్లు వైరస్ డీఎన్‌ఏ తెగి మన క్రోమోజోములోకి అతుక్కుంటుంది. ఆ తెగడంలో ఈ-6, ఈ-7లని అదుపులో పెట్టే ఈ-2 అనే వైరస్ జన్యువు (ఈ2ఎఫ్ వేరు, ఇది వేరు) తరచూ పాడవుతుంది. అలా అతుక్కున్న డీఎన్‌ఏ నుంచి కొత్త వైరస్‌లు పుట్టవు, దానికీ అది చివరే. కణంలో మాత్రం పలక లేదు, కాపలా లేదు. ఒక్కో విభజనకీ తప్పులు పేరుకుంటూ పోతాయి. వైరస్ చేరిన రోజు నుంచి క్యాన్సర్ దాకా మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. తెల్లమచ్చ రైతుకి పది రోజులు కూడా ఇవ్వదు. ఇది ఇరవై ఏళ్లు ఇస్తుంది. ఆ ఇరవై ఏళ్లలో మనం ఒక్కసారి కూడా ట్యూబు తీయం.

1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమెకి ఇదే క్యాన్సర్ వచ్చింది. ఆమెని అడగకుండానే తీసిన కణాలు ఈ రోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. హీలా కణాలంటారు. వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 18. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2000లో, పరిశోధకులు ఆ కణాల్లోకి ఈ-2ని తిరిగి పంపి ఈ-6, ఈ-7ల నోరు మూయించారు. అన్ని దశాబ్దాలు ఆగకుండా పరిగెత్తిన కణాలు విభజన మానేసి ముసలివైపోయాయి. పీ53, ఆర్‌బీ లేచి పని మొదలుపెట్టాయి. వాటిని తయారుచేసే జన్యువులు చెడిపోలేదు. తయారైనవాటిని తయారైనట్టే వైరస్ నాశనం చేయిస్తూ వచ్చింది, అంతే.

ఈ కథంతా ఆడవాళ్లకి ఎందుకు అని నా స్నేహితురాలు, ప్రభుత్వ నర్సు, నన్ను అడిగింది. "టెస్టు చేయించుకోండి అని చెబితే చాలదా?" చాలదు. పిన్ని మాటలే నాకు సాక్ష్యం.

ముట్లు ఆగిపోయిన ఆరేళ్లకి పిన్నికి మళ్లీ బట్ట తడిసింది. ఎవరికీ చెప్పలేదు. ఒక పాత చీర చింపి పెట్టుకుని, ఏడాది పైన అలాగే నడిపించింది. వాసన వస్తోందని చెప్పి మనవడిని దగ్గర పడుకోబెట్టుకోవడం మానేసింది. నడుము నొప్పి తట్టుకోలేనప్పుడు బాబాయి మద్రాసు తీసుకెళ్లాడు. అప్పటికే మూడో స్టేజీ. వార్డులో పిన్ని నా చెయ్యి పట్టుకుని అడిగింది: "నేనేం పాపం చేశానే? మీ బాబాయి తప్ప ఇంకో మనిషి మొహం తెలీదే నాకు." పక్క మంచం ఆమె బంధువులెవరో 'తిరుగుళ్ల జబ్బు' అని గొణగడం ఆవిడ చెవిన పడింది. చనిపోయే దాకా ఆ మాటే ఆవిడని నొప్పి కంటే ఎక్కువ తిన్నది.

ఏమీ పాపం లేదు పిన్నీ. కాపురం చేసే ఆడామగా అందరిలో దాదాపు ప్రతి ఒక్కరికీ జీవితంలో ఎప్పుడో ఒకసారి తగిలే వైరస్ ఇది. నీకు వదలలేదు, అంతే. ఎనిమిది వేల అక్షరాలు కూడా లేని ఒక వస్తువు నీ కణం తూముని ఎత్తింది, కాపలాదారుని చెత్తలో వేయించింది. అందులో నీ గుణానికి చోటెక్కడ ఉంది? ఇది అప్పుడు చెప్పి ఉండాల్సింది. 'అదేం లేదులే పిన్నీ, నువ్వు పడుకో' అని మాత్రమే అన్నాను.

అందుకే అంటున్నాను, యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. 'కణాలు అదుపు తప్పి పెరుగుతాయి' అని గోడ మీద రాస్తే సరిపోదు. ఎవరు అదుపు తప్పించారు? ఆ ప్రశ్నకి జవాబు చెప్పకపోతే జనం తమకి తెలిసిన జవాబు పెట్టుకుంటారు. మన ఊళ్లలో తెలిసిన జవాబు ఆడదాని నడత. వైరస్ పేరు చెబితే, అది చేసే పని చెబితే, ఆ చోటు ఖాళీగా ఉండదు. తెల్లమచ్చ వచ్చిన రైతుని ఎవరూ నీ నడత మంచిది కాదనరు గదా. సీడు ఎక్కడ తెచ్చావు, నీళ్లు ఎక్కడ పెట్టావు అని అడుగుతారు.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఈ క్యాన్సర్ కేసుల్లో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీలోని రెండు రకాలే కారణం, 16, 18. హారల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం 1983, 84ల్లో వాటిని పట్టుకుంది. ఆయనకి 2008లో నోబెల్ వచ్చింది. కారణం ఇంత స్పష్టంగా తెలిసిన క్యాన్సర్లు తక్కువ.

టెస్టు పనిచేస్తుందా అంటే, అమెరికా లెక్క చెప్పాల్సిన పని లేదు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా, మన ఉదయగిరి, కనిగిరి లాంటి ఎండిన పల్లెలు. అక్కడ 1999లో మొదలుపెట్టి 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు లక్షా 31 వేల మందితో పెద్ద అధ్యయనం చేశారు. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేసిన ఊళ్లలో ఈ క్యాన్సర్ చావులు, ఏ టెస్టూ చేయని ఊళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయాయి. 2009లో ఫలితాలు వచ్చాయి. ఒక్కసారి టెస్టుకి సగం చావులు ఆగాయి. మా రైతులు కాపుకొకసారి చేయిస్తారు.

సిగ్గు అడ్డం అంటారు. ఈ టెస్టుకి నమూనా ఆడవాళ్లు గదిలో తలుపేసుకుని తమంతట తామే తీసుకోవచ్చు, చిన్న బ్రష్షుతో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో దీన్ని ఒప్పుకుంది. మెషీన్లు ఎక్కడివి అంటారు. టీబీ కోసం, కోవిడ్ టైములో ఇంకా ఎక్కువగా, మన ఆస్పత్రుల్లోకి ట్రూనాట్ అనే చిన్న పీసీఆర్ మెషీన్లు వచ్చాయి. దానికి హెచ్‌పీవీ చిప్పు కూడా ఉంది. నెల్లూరు జిల్లాలో రొయ్యల కోసం పీసీఆర్ నేర్చుకున్న పిల్లలు ఎంతమంది లేరు! సముద్రం వారన ఉన్న చాలా టౌన్లలో ల్యాబు ఉంది. మనకి లేనిది మెషీన్ కాదు, పనితనం కూడా కాదు.

టీకా సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అక్కడ భయం ఉత్తది కాదు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి ఈ టీకా ఇచ్చారు. చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. చాలా చోట్ల తల్లిదండ్రుల్ని అడగకుండా వార్డెన్ల సంతకాలతో పని కానిచ్చారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చాక 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ తేల్చింది. అనుమతి తీసుకున్న తీరు మాత్రం తప్పేనని, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా చెప్పింది. రెండూ నిజమే. తల్లికి చెప్పకుండా బిడ్డకి సూది వేస్తే ఆ సూది మంచిదైనా నమ్మకం చచ్చిపోతుంది. ఆ తప్పు తాలూకు భయాన్ని పదిహేనేళ్లుగా మన తెలుగు ఇళ్లు మోస్తున్నాయి. దాన్ని దాచిపెట్టి 'భయపడకండి' అంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. ఏం జరిగిందో చెప్పి, టీకాలో ఏముందో చెప్పి, ఆ తర్వాత అడగాలి.

టీకాలో ఏముందంటే, వైరస్ పైతొడుగు ప్రోటీన్ ఒక్కటే. ఎల్-1 అంటారు. దాన్ని ఈస్టు లాంటి కణాల్లో తయారుచేస్తే, వాటంతట అవే ఉండలుగా చేరి వైరస్ ఆకారం తీసుకుంటాయి. లోపల డీఎన్‌ఏ లేదు. ఈ-6 లేదు, ఈ-7 లేదు. తూము ఎత్తే చెయ్యే లేని బొమ్మ అది. ఒళ్లు ఆ బొమ్మని చూసి గుర్తుపెట్టుకుంటుంది. అసలుది వస్తే కణంలోకి దూరకముందే పట్టుకుంటుంది. ఒకసారి వైరస్ లోపల స్థిరపడితే టీకా దాన్ని వెళ్లగొట్టలేదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయాలంటారు, పిల్ల మీద అనుమానంతో కాదు. మన దేశంలోనే తయారైన సర్వావ్యాక్‌కి 2022లో అనుమతి వచ్చింది. రొయ్యకి మనలాగా యాంటీబాడీలు తయారుచేసుకునే శక్తి లేదు, అందుకే దానికి ఇలాంటి టీకా లేదు, రైతుకి టెస్టు ఒక్కటే దిక్కు. మనకి రెండూ ఉన్నాయి.

పోయిన ఏడాది ఈ టెస్టు కోసం బాబాయి తనే ఆటో మాట్లాడాడు. కోడలు, మా చెల్లెలు, గుంటల మీద మేత చల్లే ఇద్దరాడవాళ్లు, నలుగురూ వెళ్లారు. ముందురోజు సాయంత్రం గట్టు మీద షెడ్డులో నేను వాళ్లకి తూము కథ చెప్పాను. మేత సంచి వెనక వైపు బొగ్గుతో బొమ్మ గీసి చూపించాను. ఒకామె మధ్యలో ఆపి అడిగింది, "అయితే మా ఆయనకి కూడా ఉంటదా అది?" ఉండొచ్చు, వాళ్లకి తెలియదు, అన్నాను. ఆమె అవునా అని కాసేపు సంచి మీది బొమ్మ వంకే చూసింది.

ముగ్గురికి నెగటివ్ వచ్చింది. ఆ అడిగినామెకే పాజిటివ్, 16 రకం. ఆమెకి 38 ఏళ్లు. డాక్టరమ్మ లెన్సుతో చూసి, క్యాన్సర్ కాదు, దానికి ముందు మచ్చ అని చెప్పి, వేడి సాధనంతో అక్కడికక్కడే కాల్చేసింది. ఆస్పత్రిలో ఉంచుకోను కూడా లేదు. ఆ అక్క రిపోర్టు నా చేతికిచ్చి, "ఇది ఫస్ట్ స్టెప్పా, నెస్టెడ్డా?" అని అడిగింది, గుంట దగ్గర విన్న మాటతో. ఇది నెస్టెడ్ లాంటిది అక్కా, తొందరగా దొరికింది, అన్నాను. సాయంత్రం నాలుగు గంటల మేతకి గట్టు మీదికి వచ్చేసింది.